ఎంఎఫ్ఐ, డెన్సిటీ ఒకటే అయినా రెండు గ్రేడ్‌ల ఫిల్మ్ వేరుగా ఎందుకొస్తుంది? ఇలా చూడండి

రెండు ఎల్ఎల్‌డీపీఈ (ఫిల్మ్‌కి వాడే ఒక రకం పాలిథీన్) గ్రేడ్‌ల డేటా షీట్లు పక్కపక్కన పెట్టుకోండి. రెండింటికీ ఎంఎఫ్ఐ (కరిగాక ఎంత తేలిగ్గా కారుతుందో చెప్పే అంకె) 1, డెన్సిటీ సీసీకి 0.918 గ్రాములు. అయినా ఒకదాని ఫిల్మ్ క్లియర్‌గా వస్తుంది, ఓ పట్టాన చిరగదు. రెండోది మసకగా ఉంటుంది. చాలాసార్లు తేడా ప్లాస్టిక్ తయారీలో రసాయన చర్యని నడిపించే క్యాటలిస్ట్ దగ్గరే మొదలవుతుంది.

ముందు డెన్సిటీ. ఇథిలీన్‌కి బ్యూటీన్, హెక్సీన్ లాంటివి (వీటినే కోమోనోమర్లంటారు) కలిపితే ప్లాస్టిక్ అణువు గొలుసుకి చిన్న కొమ్మలొస్తాయి, కొమ్మలున్న చోట గొలుసులు దగ్గరగా సర్దుకోలేవు, స్ఫటికాలు తగ్గుతాయి, ప్లాస్టిక్ మెత్తబడుతుంది. ఎంఎఫ్ఐ అంటే 190 డిగ్రీల దగ్గర 2.16 కిలోల బరువు కింద 10 నిమిషాల్లో కారే గ్రాములు. ఎక్కువుంటే గొలుసులు పొట్టివని స్థూలంగా అనుకోవచ్చు.

కానీ ఈ రెండూ సగటులే. కొమ్మలు ఏ గొలుసుల్లో ఉన్నాయో చెప్పవు, అసలు పట్టుకోవాల్సింది అదే. జీగ్లర్-నాటా అనే రకం క్యాటలిస్ట్‌లో టైటానియం సైట్లు (గొలుసులు కట్టే చోట్లు) అన్నీ ఒక్కలా పనిచేయవు: కొన్ని కోమోనోమర్‌ని బాగా కలుపుకుంటాయి గానీ పొట్టి గొలుసులు కడతాయి, కొన్ని పొడవుగా కడతాయి గానీ కొమ్మలు పెద్దగా పెట్టవు. కొమ్మల్లేని ఆ పొడుగు గొలుసులే మందపాటి స్ఫటికాలు కట్టి, వెలుతురుని చెదరగొట్టి మసక తెస్తాయి. మెటలోసీన్ అనే ఇంకో రకం క్యాటలిస్ట్‌లో సైట్లన్నీ దాదాపు ఒకే రకం, కాబట్టి పొడుగు గొలుసులకీ కొమ్మలుంటాయి. అవి ఒక స్ఫటికంలో పూర్తిగా ఇమడలేక పక్కదాన్ని కూడా కలిపి పట్టుకుంటాయి. దెబ్బకి తట్టుకునే బలం అక్కడిదే.

దీన్ని డీఎస్‌సీలో (వేడిచేస్తూ ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎంత కరుగుతుందో చూసే పరీక్ష) చూడొచ్చు. జీగ్లర్ రకానిది 120 డిగ్రీలు దాటాక పీక్ ఇస్తుంది, దాని వెనక కింది ఉష్ణోగ్రతల వైపు పొడవాటి తోక ఉంటుంది. మెటలోసీన్‌ది మామూలుగా కొన్ని డిగ్రీలు ముందే కరుగుతుంది. ఒక్క గ్రాఫ్‌తో తేల్చేయకండి, జీపీసీ (గొలుసుల పొడవులు కొలిచే పరీక్ష) కూడా అడగండి: ఎండబ్ల్యూ బై ఎంఎన్ (ఆ పొడవుల్లో ఎంత తేడా ఉందో చెప్పే నిష్పత్తి) 2, 3 మధ్య ఉంటే మెటలోసీన్ అయ్యే అవకాశం ఎక్కువ, 4 దాటితే జీగ్లర్ వైపు.

మెటలోసీన్ అనగానే మంచిదని ఎగబడొద్దు. గొలుసుల పొడవులు దగ్గరదగ్గరగా ఉండటంతో ఫిల్మ్ మెషిన్‌లో స్క్రూ ఎంత తిప్పినా కరుగు అంతగా పల్చబడదు, మోటారు మీద లోడు పెరుగుతుంది, డై (కరుగు బయటికొచ్చే సందు) దాటిన ఫిల్మ్ మీద షార్క్‌స్కిన్ అనే సన్నటి గరుకు తేలుతుంది, బబుల్ (గాలితో ఊదిన ఫిల్మ్ గొట్టం) ఊగుతుంది. అప్పుడు 10 నుంచి 20 శాతం ఎల్‌డీపీఈ అనే ఇంకో రకం పాలిథీన్ కలపండి, దాని పొడుగు కొమ్మలు బబుల్‌ని నిలబెడతాయి. అయితే మోతాదు పెంచేకొద్దీ మీరు డబ్బుపెట్టి కొన్న దెబ్బ బలమే తగ్గుతుంది, అందుకే తక్కువతో మొదలుపెట్టి ప్రతిసారీ డార్ట్ టెస్ట్ (ఫిల్మ్ మీద బరువు పడేసి దెబ్బ బలం చూసే పరీక్ష) చేసి చూసుకోండి.