పదార్థంలో పిండి, ప్రోటీన్, కొవ్వు ఉన్నాయో లేదో పరీక్షించడం ఎలా?

జీవకణాల్లోని బృహదణువులు నాలుగు రకాలు: కార్బోహైడ్రేట్లు, ప్రోటీన్లు, కొవ్వులు, కేంద్రకామ్లాలు. మొదటి మూడింటిని స్కూలు ప్రయోగశాలలోనే గుర్తుపట్టవచ్చు. అయితే రంగు చూసి రాసుకుంటే చాలదు. ఏ రసాయనం అణువులో దేన్ని పట్టుకుంటుందో తెలిస్తేనే, ఫలితం తప్పినప్పుడు కారణం దొరుకుతుంది.

నమూనాను మెత్తగా నూరి, నీళ్లు కలిపి, పలుచని గుడ్డలో వడకట్టండి. ఒక్కో పరీక్షకు 2 మి.లీ. చాలు. పక్కనే ఉత్త నీళ్లతో మరో పరీక్షనాళిక పెట్టుకోండి. ఇది లేకపోతే రంగు నిజంగా మారిందో లేదో చెప్పలేం. రక్షణ కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.

1. పిండి పదార్థం: 2–3 చుక్కల అయోడిన్ ద్రావణం వేయండి. నీలి నలుపు వస్తే పిండి ఉన్నట్టే. పిండిలోని అమైలోజ్ అనే గ్లూకోజ్ గొలుసు మెలికలు తిరిగి ఉంటుంది. ఆ మెలికల్లో అయోడిన్ చిక్కుకోవడం వల్లే ఈ రంగు. నమూనా వేడిగా ఉంటే మెలికలు సడలి రంగు రాదు, చల్లార్చి చూడండి. సెల్యులోజ్ కూడా గ్లూకోజ్ గొలుసే, కానీ నిటారుగా ఉంటుంది, అందుకే నీలం కాదు. మొక్క అదే గ్లూకోజ్‌ను ఒక తీరున పేర్చి ఆహారంగా దాచుకుంటుంది, మరో తీరున పేర్చి కణకవచం కడుతుంది. ఈ నేర్పు గురించి ఎంత చెప్పుకున్నా తక్కువే!

2. చక్కెర: 2 మి.లీ. నీలి రంగు బెనెడిక్ట్ ద్రావణం కలిపి, మరుగుతున్న నీటిలో 5 నిమిషాలు ఉంచండి. గ్లూకోజ్ ఎక్కువయ్యేకొద్దీ ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుక ఎరుపు. సుక్రోజ్‌కు, అంటే మనం వాడే పంచదారకు, ఆ నీలం మారదు. దాన్ని ముందు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో మరిగించి, సోడియం బైకార్బనేట్‌తో తటస్థీకరించాలి. తటస్థీకరించడం మరిచిపోతే పరీక్ష పనిచేయదు.

3. ప్రోటీన్: 2 మి.లీ. 10% సోడియం హైడ్రాక్సైడ్ పోసి, 1% కాపర్ సల్ఫేట్ 2–3 చుక్కలు వేసి కలపండి, వేడి చేయవద్దు. ఊదా రంగు, అమైనో ఆమ్లాలను కలిపే పెప్టైడ్ బంధాలకు గుర్తు. ఎంజైములైనా, హిమోగ్లోబిన్ అయినా ఈ బంధాలతో కూడినవే. విడి అమైనో ఆమ్లాలకు ఆ రంగు రాదు. కాపర్ సల్ఫేట్ ఎక్కువైతే నీలి అవక్షేపం ఊదాను కప్పేస్తుంది. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

4. కొవ్వు: వడకట్టినది వద్దు, నీళ్లు కలపకముందు నూరిన ముద్దే తీసుకోండి. పొడి నాళికలో 2 మి.లీ. ఇథనాల్ పోసి గట్టిగా కుదిపి, తేరిన ద్రవాన్ని అంతే నీటిలో పోయండి. పాలలా తెల్లబడితే కొవ్వు ఉంది. నాళిక తడిగా ఉంటే ముందే తెల్లబడి ఫలితం చెడుతుంది. దగ్గర్లో మంట ఉండకూడదు.

కేంద్రకామ్లాల్లో డీఎన్ఏకు డైఫినైల్అమైన్ కారకం నీలం ఇస్తుంది. అందులో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి ఆ పరీక్ష ఉపాధ్యాయుల పర్యవేక్షణలో, ఆవిర్లను బయటికి లాగే పొగగూటిలోనే (ఫ్యూమ్ హుడ్) చేయాలి.