గ్యాస్ గీజర్ టిక్ టిక్‌మంటూ వెలగకపోతే

కుళాయి తిప్పితే టిక్ టిక్‌మంటుంది, మంట రాదు. వచ్చినా పది సెకన్లలో ఆరిపోతుంది. విశాఖలో సముద్రం దగ్గరున్న ఇళ్లకి, ముఖ్యంగా పెదవాల్తేరు, లాసన్స్ బే వైపు, ఈ బాధ ఎక్కువ. ఉప్పుగాలికి సెల్లు పెట్టే చోట రేకుల మీద పచ్చగా చిలుము పడుతుంది, కరెంటు సరిగా అందదు.

ముందు రెగ్యులేటర్, నీళ్ల వాల్వు కట్టేయండి. కింద డబ్బాలోని రెండు పెద్ద సెల్లు తీయండి. ఇయర్‌బడ్‌ని నిమ్మరసంలో ముంచి రేకులు రుద్దితే చిలుము ఊడుతుంది. తడిబట్టతో, తర్వాత పొడిబట్టతో తుడిచి పది నిమిషాలు ఆరనివ్వండి. కొత్త సెల్లు రెండూ ఒకేసారి వేయాలి, పాతదీ కొత్తదీ కలిపితే కొత్తది కూడా త్వరగా పోతుంది. ఆల్కలైన్‌వైతే మేలు.

మంట వచ్చి ఆరిపోతుంటే తప్పు వేరే. బర్నర్ పక్కన మంటలో మునిగేలా ఉండే సన్న కడ్డీకి మసి పట్టి ఉంటుంది. మంట ఉందని చెప్పేది ఆ కడ్డీయే, అది చెప్పకపోతే గీజరు గ్యాస్ ఆపేస్తుంది. చల్లారాక మూత విప్పి, సన్న ఎమరీ పేపర్‌తో మెల్లగా రెండుసార్లు రుద్దితే చాలు. వంచకండి.

పై అంతస్తులో ట్యాంకు నెత్తిమీదే ఉండి నీళ్లు సన్నగా వస్తుంటే టిక్ శబ్దమే రాదు, అక్కడ ఈ చిట్కా పనిచేయదు. గ్యాస్ వాసన వస్తే మాత్రం మళ్లీ వెలిగించి చూడకండి. రెగ్యులేటర్ కట్టి, కిటికీ తెరిచి, స్విచ్‌లు ముట్టుకోకుండా బయటికొచ్చి గ్యాస్ లీకేజీ ఎమర్జెన్సీ నంబరు 1906కి ఫోన్ చేయండి.