అమెరికా ఫెడరల్ కోర్టు తీర్పును చదవడం ఎలా

ఉద్యోగంలో వివక్ష కేసు గెలిచారట, పోలీసు అధికారి మీద దావా కొట్టేశారట, పౌరసత్వం ఉత్తర్వును జడ్జి ఆపేశారట... అమెరికా కోర్టుల గురించి వాట్సాప్‌లో తిరిగే ఇలాంటి వార్తల్లో సగం నిజం ఉంటుంది. మిగతా సగం తీర్పు ప్రతిలో ఉంటుంది. మన పత్రికలు రాసే 'మొట్టికాయలు' తీర్పులో కనపడవు. ఒకరు అడిగినదేమిటి, జడ్జి దానికిచ్చిన జవాబేమిటి, అంతే. ఏ కోర్టు, కేసు ఏ దశలో ఉంది, ఏ ప్రశ్న తేల్చారు అన్నవి పట్టుకుంటే, లాయరు కానివాళ్లూ నలభై పేజీల తీర్పును అరగంటలో అర్థం చేసుకోవచ్చు.

ప్రతి సంపాదించడం

ముందు కేసు నంబరు కావాలి. అది 1:23-సివి-04567 తరహాలో ఉంటుంది. మొదటి అంకె ఆ జిల్లా కోర్టులో ఏ ఊరి కార్యాలయమో చెబుతుంది. 23 దావా వేసిన ఏడాది. 'సివి' అంటే సివిల్, 'సిఆర్' అంటే క్రిమినల్. దాని తర్వాత అక్షరాలు కనిపిస్తే అవి జడ్జి పేరులోని పొడి అక్షరాలు.

ఫెడరల్ కోర్టుల అధికారిక రికార్డులు చాలావరకు పేసర్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో దొరుకుతాయి. ఖాతా తెరవడానికి ఖర్చు లేదు. పేజీకి 10 సెంట్లు, ఒక పత్రానికి గరిష్ఠంగా 3 డాలర్లు. మూడు నెలల బిల్లు 30 డాలర్లు దాటకపోతే మొత్తం మాఫీ. కొత్తవాళ్లకు చేతులు కాలేది పేరుతో వెతికినప్పుడు. ఫలితాల పేజీలకూ లెక్క కడతారు, 3 డాలర్ల పరిమితి వాటికి వర్తించదు. అందుకే నంబరుతోనే వెతకండి. దానికన్నా ముందు కోర్ట్‌లిజనర్‌లో చూడండి. ఫ్రీ లా ప్రాజెక్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ నడిపే ఆ సైట్లో, ఎవరో ఒకరు అప్పటికే పేసర్ నుంచి తీసిన పత్రాలు ఉచితంగా ఉంటాయి. సుప్రీంకోర్టు తీర్పులు ఎలాగూ దాని సొంత వెబ్‌సైట్లోనే దొరుకుతాయి.

తీర్పు తెరిచే ముందు డాకెట్ చూడాలి. ఏ తేదీన ఏం జరిగిందో వరసగా రాసే పట్టిక అది. అందులో తాజా ఎంట్రీలు ముందు చదవండి. తీర్పు తర్వాత అప్పీలు నోటీసు పడిందా, స్టే వచ్చిందా అన్నది అక్కడే తెలుస్తుంది. సివిల్ కేసులో అప్పీలుకు మామూలుగా 30 రోజుల గడువు. అమెరికా ప్రభుత్వం కక్షిదారు అయితే 60. ఆ గడువు తీరకముందే 'కేసు ముగిసింది' అని రాసేవాళ్లను నమ్మనక్కర్లేదు.

ఏ కోర్టు

ఫెడరల్ జిల్లా కోర్టులు 94, అప్పీలు కోర్టులు 13. జిల్లా జడ్జి తీర్పు పక్క గదిలోని జడ్జిని కూడా కట్టడి చేయదు. అప్పీలు కోర్టు తీర్పు దాని పరిధిలోని (ఆ పరిధినే సర్క్యూట్ అంటారు) రాష్ట్రాలకే చెల్లుతుంది. టెక్సస్ 5వ సర్క్యూట్‌లో, కాలిఫోర్నియా 9వ సర్క్యూట్‌లో, న్యూజెర్సీ 3వ సర్క్యూట్‌లో ఉన్నాయి. డాలస్‌లో ఉన్న మీకు శాన్‌హోజేలోని బంధువు పంపిన తీర్పు పనికిరాకపోవచ్చు.

ఇది ఎంత తేడా తెస్తుందో ఏమ్స్ కేసు చూస్తే తెలుస్తుంది. సంఖ్యాబలం ఉన్న వర్గానికి చెందిన ఉద్యోగి వివక్ష కేసు వేస్తే అదనపు ఆధారాలు చూపాలని ఒహాయో ఉన్న 6వ సర్క్యూట్ అడిగేది. 3వ సర్క్యూట్ అడిగేది కాదు. ఒకే చట్టం, ఒహాయోలోని కొలంబస్‌లో ఒక కొలత, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఇంకో కొలత. 2025 జూన్ 5న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ అదనపు షరతును తీసేసింది.

కాగితం మీద 'నాట్ ఫర్ పబ్లికేషన్' అని ఉంటే అది మిగతా కేసులను కట్టడి చేసే తీర్పు కాదు. 'రిపోర్ట్ అండ్ రికమెండేషన్' అని ఉంటే అది మేజిస్ట్రేట్ జడ్జి సిఫార్సు మాత్రమే. అభ్యంతరాలకు 14 రోజులుంటాయి, తుది మాట జిల్లా జడ్జిది. అసలు అది ఫెడరల్ కోర్టేనా, రాష్ట్ర కోర్టా అన్నదీ చూసుకోండి. కుల వివక్ష ఆరోపణలతో సిస్కో మీద వేసిన కేసు 2020లో ముందు ఫెడరల్ కోర్టులోనే పడింది. అదే ఏడాది దాన్ని ఉపసంహరించి శాంటాక్లారా కౌంటీ కోర్టులో మళ్లీ వేశారు. ఇప్పటికీ దాన్ని ఫెడరల్ కేసనే రాస్తుంటారు.

ఏ దశలో

ఎక్కువ మంది బోల్తాపడేది ఇక్కడే. చివరి పేజీలోని 'కన్‌క్లూజన్' ముందు చదివి, ఏ మోషన్ (కక్షిదారు జడ్జికి పెట్టుకునే దరఖాస్తు) మీద ఉత్తర్వు ఇచ్చారో రాసుకోండి.

అది 12(బి)(6) మోషన్ అయితే, దావాను ఆరంభంలోనే కొట్టేయమని ప్రతివాది అడిగాడన్నమాట. ఈ దశలో వాది రాసినదంతా నిజమనే అనుకుని జడ్జి చూడాలి. మోషన్ తిరస్కరించారంటే వాది గెలిచినట్టు కాదు, కేసు ముందుకు నడుస్తుందని. తీర్పు మొదట్లో ఉన్న కథనం కూడా రుజువైన సంగతి కాదు. దాన్ని ఎత్తి 'కోర్టు నిర్ధారించింది' అని రాయడం శుద్ధ తప్పు. ఒకవేళ కొట్టేస్తే 'వితౌట్ ప్రెజుడిస్' అన్నారేమో చూడండి. అంటే సరిదిద్ది మళ్లీ వేసుకోవచ్చు. 'విత్ ప్రెజుడిస్' అంటే ఆ కోర్టులో తలుపు మూసినట్టే.

56వ నిబంధన కింద సమ్మరీ జడ్జిమెంట్ (జూరీ దాకా వెళ్లకుండానే ఇచ్చే తీర్పు) అయితే వాంగ్మూలాలు, ఈమెయిళ్లు అన్నీ ముందుంటాయి. కేసును తేల్చగల సంగతుల్లో నిజంగా వివాదం ఉందా అన్నదే ప్రశ్న. ఉంటే జూరీకి వెళుతుంది. 'గ్రాంటెడ్ ఇన్ పార్ట్' అని ఉంటే ఏ ఆరోపణ నిలిచింది, ఏది పోయిందో ఒక్కొక్కటిగా రాసుకోవాలి. ఐదింటిలో నాలుగు పోయి ఒకటి నిలిచినా పత్రికల్లో 'కంపెనీకి ఎదురుదెబ్బ' అనే వస్తుంది.

ప్రిలిమినరీ ఇంజంక్షన్ మన మధ్యంతర ఉత్తర్వు లాంటిది. వాది చివరికి గెలిచే అవకాశం ఉందన్న అంచనా దానికి ఒక ఆధారం, అంతిమ నిర్ణయం కాదు. లాకీ వర్సెస్ స్టిన్నీ కేసులో ఈ తేడా డబ్బు రూపంలో బయటపడింది. కోర్టు జరిమానాలు కట్టలేదని వర్జీనియాలో లైసెన్సులు సస్పెండైన డ్రైవర్లు ఇంజంక్షన్ తెచ్చుకున్నారు. తుది తీర్పు రాకముందే రాష్ట్రం ఆ చట్టాన్ని రద్దు చేసింది. ఇంజంక్షన్ ఒక్కటే వస్తే 'గెలిచిన పక్షం' కాదనీ, లాయరు ఫీజులు రాబట్టుకోలేరనీ 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 7-2తో చెప్పింది.

జూరీ కోట్లు ఇచ్చిందన్న వార్తలోనూ ఒక మెలిక ఉంది. ఉద్యోగంలో వివక్షను నిషేధించే టైటిల్ 7 చట్టం కింద వేసే కేసుల్లో మానసిక వేదనకు, శిక్షగా వేసే పరిహారానికి కలిపి పరిమితి ఉంది. 15 నుంచి 100 మంది ఉద్యోగులున్న సంస్థకు 50,000 డాలర్లు, 200 వరకు లక్ష, 500 వరకు 2 లక్షలు, అంతకు మించితే 3 లక్షలు. రావలసిన జీతం వేరే లెక్క. అదే దావాలో సెక్షన్ 1981 కింద జాతి వివక్ష ఆరోపణ కూడా నిలిస్తే ఆ పరిమితి వర్తించదు. అందుకే అంకె చూడగానే ఏ సెక్షన్ అని అడగండి.

ఏ ప్రశ్నకు జవాబు

సుప్రీంకోర్టు తీర్పు ముందు పేజీల్లో ఉండే 'సిలబస్' తీర్పులో భాగం కాదు, సిబ్బంది రాసిన సారాంశం. దారి చూసుకోవడానికి వాడండి, ఉటంకించకండి. పేజీ పైనున్న శీర్షిక కూడా గమనించండి. అసమ్మతి తీర్పులోని ఘాటు వాక్యాన్ని కోర్టు మాటగా పంచేవాళ్లు తక్కువేం కాదు.

అసలు తేల్చినది చాలా ఇరుకుగా ఉంటుంది. 2024 ఏప్రిల్ నాటి మల్‌డ్రో తీర్పు, జీతం తగ్గని బదిలీ వల్ల కూడా కొంత నష్టం కలిగితే చాలు, టైటిల్ 7 కింద దావా వేయొచ్చంది. దావా వేసిన పోలీసు సార్జెంట్ మల్‌డ్రోపై వివక్ష జరిగిందని చెప్పలేదు. ఏమ్స్ కూడా గెలవలేదు, కేసు కింది కోర్టుకు తిరిగి వెళ్లింది. 2025 మే నాటి బార్న్స్ వర్సెస్ ఫీలిక్స్ అంతే. పోలీసు కాల్పులను ఆ ఒక్క క్షణానికి కుదించి చూడొద్దంది, అధికారిని దోషి అనలేదు. 'వెకేటెడ్ అండ్ రిమాండెడ్' (కింది తీర్పును రద్దు చేసి కేసు వెనక్కి పంపారు) అన్న మాట కనిపిస్తే విజయోత్సవం వాయిదా వేసుకోవాలి.

పుట్టుకతో వచ్చే పౌరసత్వంపై ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు విషయంలో హెచ్1బి కుటుంబాలను కలవరపెట్టిన ట్రంప్ వర్సెస్ కాసా కేసు మరో ఉదాహరణ. 2025 జూన్ 27న కోర్టు తేల్చింది, దేశమంతటికీ వర్తించే ఇంజంక్షన్లు ఇచ్చే అధికారం జిల్లా జడ్జీలకు బహుశా లేదని. ఆ ఉత్తర్వు చెల్లుతుందా లేదా అన్నది ఆ తీర్పు తేల్చలేదు. అప్పటి నుంచి ఏ ఇంజంక్షన్ చూసినా అది ఎవరికి వర్తిస్తుందన్న పేరా వెతకాలి. పేరున్న వాదులకా, దావా వేసిన రాష్ట్రాలకా, క్లాస్ యాక్షన్‌లోని (ఒకే ఇబ్బంది ఉన్నవాళ్లందరి తరఫున వేసే దావా) అందరికా?

'సర్షియోరరీ డినైడ్' అని వస్తే సుప్రీంకోర్టు కింది తీర్పును సమర్థించిందని అనుకోకండి. మన దగ్గర కారణం చెప్పకుండా ఎస్ఎల్‌పీ కొట్టేసినట్టే అది. వినలేదు, అంతే.

మీ సొంత కేసు కోసం చదువుతుంటే

తీర్పులు చదువుతూ గడువు దాటబెట్టుకోకండి. టైటిల్ 7కు ఈఈఓసీలో (ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు తీసుకునే ఫెడరల్ సంస్థ) ఫిర్యాదు 180 రోజుల్లో వేయాలి, అదే వివక్షపై చర్య తీసుకునే రాష్ట్ర సంస్థ ఉన్నచోట 300. దావాకు అనుమతి లేఖ అందాక 90 రోజులు. హెచ్ఆర్‌లో ఫిర్యాదు నడుస్తోందని ఈ గడియారం ఆగదు. హక్కులు ఉల్లంఘించారని రాష్ట్ర, స్థానిక ప్రభుత్వ ఉద్యోగులపై వేసే సెక్షన్ 1983 దావాకు గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్, కాలిఫోర్నియాల్లో 2 ఏళ్లు, న్యూయార్క్‌లో 3. గడువులు ముందు లాయరుతో ఖాయం చేసుకుని, ఆ తర్వాత మీకు దగ్గరగా అనిపించిన కేసుకు కోర్ట్‌లిజనర్‌లో డాకెట్ అలర్ట్ పెట్టుకోండి. అప్పీలు పడినా, తీర్పు తిరగబడినా ఆ మెయిల్‌తో మీకు తెలిసే అవకాశం ఉంది.