పిప్ మొరాయిస్తే పిప్‌ఎక్స్‌తో పనైంది

అనంతపురంలో మా మామ వేరుశనగ కాయల కొట్టు లెక్కలన్నీ ఎక్సెల్‌లోనే. వాటిని సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా, మార్చుదామని ఉబుంటు 24.04లో పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్‌తో, ఆ పని చేసే సీఎస్‌వీకిట్ అనే టూల్ వేయబోతే 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్' అని ఎర్రర్. అంటే ఈ పైథాన్‌ను ఉబుంటూనే చూసుకుంటుంది, పిప్ చెయ్యి పెట్టకూడదని. ఆ అడ్డు దాటించే 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్' ఆప్షన్ పెట్టెయ్ అన్నాడు ఫ్రెండు. పేరులోనే బ్రేక్ ఉంది, మనకెందుకు? సిస్టమ్ పైథాన్ మీద ఉబుంటు సొంత ప్రోగ్రాములు కూడా నడుస్తాయి.

ఉబుంటు సొంత ఇన్‌స్టాలర్ ఆప్ట్‌తో పిప్‌ఎక్స్ వేసుకుని, 'పిప్‌ఎక్స్ ఇన్‌స్టాల్ సీఎస్‌వీకిట్' కొట్టాను. అది టూల్‌ను విడిగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (సిస్టమ్ పైథాన్‌కు తగలని సొంత ఫోల్డర్‌లో) ఉంచి, కమాండ్లకు మాత్రం హోమ్‌లోని డాట్ లోకల్ కింద బిన్ ఫోల్డర్‌లో లింకులు పెడుతుంది. అయినా 'కమాండ్ నాట్ ఫౌండ్'! ఆ బిన్ ఫోల్డర్ పాత్‌లో, అంటే టెర్మినల్ కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితాలో, లేదు మరి. దాన్ని అందులో చేర్చే 'పిప్‌ఎక్స్ ఎన్ష్యూర్‌పాత్' కొట్టాను గానీ, టెర్మినల్ మూసి తెరవాలని తోచక అరగంట టెన్షన్ పడ్డాను. తెరిచాక మొదటి ఫైలు చిటికెలో మారింది. మామ ఫైళ్లలో తారీఖుల గందరగోళం మాత్రం ఇంకా అలాగే ఉంది.