పాత తలుపు కొత్త బల్ల కావాలంటే: వాడిన కలపతో ఇంటి సామాను చేసుకోవడం ఎలా?

పాత కలపతో సామాను చేసుకోవాలనుకునేవారిలో చాలామంది మొదట బొమ్మ గీసుకుంటారు. ఆరడుగుల బల్ల, ఇంత వెడల్పు, ఇలాంటి కాళ్లు అని. ఆ తరువాత దానికి సరిపోయే చెక్క కోసం తిరిగి తిరిగి విసిగిపోతారు. ఈ పనిలో వరస తిరగబడాలి. చేతికొచ్చిన చెక్క పొడవెంత, మందమెంత, ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ పుచ్చింది అన్నవి చూసుకున్నాకే ఏం చేయాలో తేల్చుకోవాలి. సగం పుచ్చిన తలుపులోంచి బల్ల రాదు. మిగిలిన సగంలోంచి రెండు చక్కని అరలు మాత్రం వస్తాయి.

1. ఏరుకోవడం

పడగొట్టిన ఇళ్ల తలుపులు, కిటికీలు, దూలాలు, సరుకులు మోసే ప్యాలెట్లు, ఎవరో వద్దనుకున్న మంచాలు, ఏదైనా పనికొస్తుంది. వెళ్లేటప్పుడు ఒక స్క్రూడ్రైవరు, ఒక అయస్కాంతం జేబులో వేసుకోండి. స్క్రూడ్రైవరు మొనతో చెక్కను అక్కడక్కడా పొడిచి చూడాలి. మొన ఆగితే కలప బాగున్నట్టు, మెత్తగా దిగిపోతే లోపల కుళ్లినట్టు. తలుపైతే కింది అంచు దగ్గర మొదలుపెట్టండి. తడి ఎక్కువగా తగిలేది అక్కడే.

సూది మొనంత రంధ్రాలు కనిపించగానే భయపడనక్కరలేదు. చెక్కను నల్లటి గుడ్డ మీద తట్టి, అలాగే కొన్ని రోజులు ఉంచండి. గుడ్డ మీద సన్నని పొడి కొత్తగా రాలుతుంటే పురుగు ఇంకా తింటోందని అర్థం. అలాంటిదాన్ని ఇంట్లోకి తేవద్దు. పొడి రాలకపోతే అవి చాలావరకు పాత గాయాలే. నా మట్టుకు నాకు ఆ రంధ్రాలు ఇష్టం, పూడ్చను.

కొన్నింటిని ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు. పాత రైలు పట్టాల కింది దుంగలకు క్రియోసోటు అనే తారు నూనె పట్టించి ఉంటుంది. ఆరుబయట వాడే స్తంభాలు, కంచె కర్రలు పచ్చటి ఛాయలో ఉంటే ఆర్సెనిక్ కలిసిన మందు ఎక్కించి ఉండవచ్చు. ఇవి ఇంట్లోకి రాకూడదు, పొయ్యిలోకి అసలే పోకూడదు. దేశాలు దాటి తిరిగే ప్యాలెట్ మీద కాల్చి వేసిన ముద్ర ఉంటుంది. అందులో హెచ్‌టీ అని ఉంటే కలపను గర్భం దాకా 56 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కించి, కనీసం 30 నిమిషాలు అలాగే ఉంచారని అర్థం. అది తీసుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది, వదిలేయండి. ముద్ర ఏదైనా, నూనె మరకలో ఘాటు వాసనో ఉంటే దాని జోలికి పోకండి.

2. మేకులు, రంగు

అసలు పని ఇక్కడ ఉంది. కోతకూ అతుకుకూ పట్టే సమయం కన్నా శుభ్రం చేయడానికి పట్టేదే ఎక్కువ. నేను తొలిసారి ఆత్రపడి, అన్నీ తీశాననుకుని రంపం పెట్టాను. తల విరిగిన మేకు ఒకటి లోపల ఉండిపోయింది. రంపం పళ్లు నాలుగు ఎగిరిపోయాయి. ఒకటి నా చెవి పక్కనుంచి పోయింది. అప్పటినుంచి కళ్లద్దాలు పెట్టుకోకుండా రంపం ముట్టుకోను.

అయస్కాంతాన్ని చెక్క పొడవునా నెమ్మదిగా జరుపుతూ, అది లాగిన ప్రతిచోటా సుద్దతో సున్నా చుట్టండి. కళ్లకు పని చెప్పినా ఆచూకీ దొరుకుతుంది. తడి తగిలినప్పుడు కలపలో ఉండే టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిసి నీలం కలిసిన నల్లటి మరక అవుతుంది. తల కనిపించకపోయినా ఆ నలుపు కింద మేకు ఉండే అవకాశం ఎక్కువ. మేకును పైనుంచి పీకబోతే చుట్టూ చెక్క పెచ్చులు లేస్తుంది. వెనక పొడుచుకొచ్చిన మొనను నిటారు చేసి, సుత్తితో తట్టి, తల కాస్త పైకి లేచాక పటకారుతో లాగండి. పటకారు కింద పలచని చెక్కముక్క పెడితే సొట్ట పడదు.

రంగు సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. పాతకాలపు రంగుల్లో సీసం ఉండవచ్చు. ఉందో లేదో చూసే కిట్లు దొరుకుతాయి. తేలేదాకా ఉందనే అనుకోండి. పొడిగా రుద్దకూడదు, మంట పెట్టి ఊడదీయకూడదు. నీళ్లతో తడుపుతూ గీకి, పెచ్చులన్నీ కింద పరిచిన ప్లాస్టిక్ పట్టాలో పడేలా చూసుకోవాలి. మంచి మాస్కు వేసుకోవాలి. పిల్లలు, గర్భిణులు ఆ చుట్టుపక్కల ఉండకూడదు.

3. ఆరబెట్టడం

శుభ్రం చేసిన పలకలను సామాను వాడబోయే గదిలోనే పేర్చి, మధ్యమధ్య ఒకే మందం ఉన్న పుల్లలు పెట్టండి. పుల్లలు ఒకదాని పైన ఒకటి నిలువు వరుసలో ఉండాలి, లేకపోతే పలక వంకరపోతుంది. ఇంట్లో వాడే కలపలో తేమ 8 నుంచి 12 శాతం ఉంటే మంచిది. తేమ కొలిచే పరికరం లేకపోతే ఒక పలకను మూడు రోజులకోసారి తూచండి. బరువు తగ్గడం ఆగిందంటే ఆరినట్టే.

4. తలుపును బల్ల చేయడం

తినడానికో రాసుకోవడానికో వాడే బల్ల నేలనుంచి సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. కూర్చున్నవారి మోకాళ్లు పట్టేలా బల్ల కింద కనీసం 60 సెంటీమీటర్ల ఎత్తున ఖాళీ ఉండాలి. కాళ్లకు పాత ఇనుప పైపులు, పాడైన కుట్టుమిషను స్టాండు, మరో మంచం కోళ్లు, ఏవైనా సరే, ఎత్తు సరిచూసుకుంటే చాలు.

బిగించేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. తేమను బట్టి కలప పొడవులో దాదాపు కదలదు, అడ్డంగా మాత్రం పెరుగుతుంది, తరుగుతుంది. పలకలు జోడించి చేసిన పైభాగాన్ని చట్రానికి గట్టిగా బిగిస్తే ఏదో ఒక ఎండాకాలం నిలువునా బీట వేస్తుంది. చట్రంలో స్క్రూ రంధ్రాలను గుండ్రంగా కాక కాస్త కోలగా తొలిచి, వాషరు వేసి బిగిస్తే కలప కదలడానికి చోటు ఉంటుంది. మధ్యలో పలకలు కూర్చిన తలుపైతే ఈ ఇబ్బందిని దాన్ని చేసిన వడ్రంగి ముందే తీర్చి పెట్టాడు. ఆ పలకలు గాడిలో వదులుగా ఉంటాయి. కదులుతున్నాయి కదా అని జిగురు పోయకండి.

అలాంటి తలుపు పైభాగం ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి అద్దం వేయాలి. పాత కిటికీ అద్దం దీనికి పనికిరాదు, పగిలితే కత్తుల్లా చీలుతుంది. టఫెన్డ్ గ్లాస్, అంటే వేడితో గట్టిపరచిన అద్దం కావాలి. దాన్ని తయారయ్యాక కోయలేరు కాబట్టి కొలత ముందే ఇవ్వాలి.

అరలు చేస్తున్నవారికి ఒక లెక్క: అదే కలప, అదే పొడవు, అదే వెడల్పు అయితే, మందం రెట్టింపు చేస్తే వంగకుండా నిలిచే బిగువు ఎనిమిది రెట్లవుతుంది. పలచని చెక్కలే దొరికితే ముందు అంచు కింద నిలువుగా ఒక పట్టీ బిగించండి, పుస్తకాల బరువుకు నడుము వంగదు.

5. నునుపు, నూనె

80 నంబరు ఉప్పు కాగితంతో మొదలుపెట్టి 120, ఆపై 180 చాలు. చెక్క చార వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీతలు నూనె వేశాక బయటపడతాయి. మరీ అరగదీస్తే పాత కలప రంగు పోయి కొత్త చెక్కలా తేలుతుంది. అంతా పోగొట్టుకోవడానికైతే కొత్తదే కొనవచ్చు.

అవిసె నూనెను గుడ్డతో పలచగా పట్టించి, పావుగంట ఆగి, చెక్క తాగని నూనెను తుడిచేయండి. ఇలా రెండు మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య కనీసం ఒక రోజు. తుడిచిన గుడ్డను మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు ఆ నూనె వేడి పుట్టిస్తుంది, ముద్దగా ఉన్న గుడ్డ ఎవరూ నిప్పు పెట్టకుండానే అంటుకోగలదు. ఆరుబయట విప్పి పరచి ఆరేయండి, లేదా మూత ఉన్న రేకు డబ్బాలో నీళ్లలో ముంచి ఉంచండి. చివరి పూత తరువాత నాలుగైదు రోజులు ఆగి, అరచేయి ఆనించి చూడండి. జిగురు తగలకపోతే బల్ల వాడకానికి సిద్ధం.