గేమింగ్ పీసీకి కొత్త పార్టులు కొనే ముందు జాగ్రత్తలు

• ముందు అసలు లోపం ఎక్కడుందో తేల్చుకోండి. గేమ్ వేగానికి హద్దు పెట్టే వీసింక్, ఫ్రేమ్ లిమిట్ సెట్టింగులు ఆపేసి, గేమ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్ చూడండి. జీపీయూ (గ్రాఫిక్స్ కార్డులోని చిప్) వాడకం 95 శాతం దాటినా గేమ్ నెమ్మదిగానే ఉంటే గ్రాఫిక్స్ కార్డు మార్చాలి. అది 60 దగ్గరే తిరుగుతూ గేమ్ ఆగి ఆగి నడుస్తుంటే ప్రాసెసర్‌నో, ర్యామ్‌నో అనుమానించాలి. ఇది చూడకుండా పార్టులు కొనడానికి భీమవరమో, రాజమండ్రో బస్సెక్కకండి.

• డీడీఆర్4 రకం ర్యామ్ కోసం చేసిన మదర్‌బోర్డులో డీడీఆర్5 ర్యామ్ పట్టదు.

• బీ450 రకం మదర్‌బోర్డులో రైజెన్ 5 5600 ప్రాసెసర్ వేయాలంటే, పాత ప్రాసెసర్ తీయకముందే బయోస్ (బోర్డులోనే ఉండి పీసీని స్టార్ట్ చేసే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలి. మధ్యలో కరెంటు పోతే బోర్డు పాడయ్యే ప్రమాదముంది. యూపీఎస్ తప్పనిసరి.

• ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా) దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఆర్టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు తాగేది 115 వాట్లే అయినా, కంపెనీ సూచించేది 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్. ఊరూపేరూ లేని డబ్బా మీద ఎన్ని వాట్లని రాసున్నా నమ్మకండి. ప్లగ్గుకి ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందా? అది సరయ్యేదాకా ఏ పార్టూ బిగించొద్దు.

• సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డయితే టార్చి వేసి చూడాల్సిందే. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలి ఇనుమును వదలదు. స్క్రూల మీద తుప్పు, వేడిని లాగే హీట్‌సింక్ రేకుల మీద తెల్లటి పొడి, బంగారు రంగు పిన్నుల మీద ఆకుపచ్చ మచ్చలు కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయండి.

• కార్డు పొడవు, క్యాబినెట్‌లో ఖాళీ టేపుతో కొలవండి.