ఏడాది మారిస్తే పొలం గెట్టు జరిగిపోతోందా?

ఉపగ్రహ చిత్రాలు చూపే గూగుల్ ఎర్త్ ప్రోలో గీసుకున్న గెట్టు, గడియారం గుర్తు నొక్కి పాత ఏడాదికి వెళ్లగానే పక్క చేలో కనిపించింది. గీత కదల్లేదు, కదిలింది బొమ్మే. ఉపగ్రహం ఒక్కో తేదీన ఒక్కో కోణంలో తీస్తుంది. నేలకు అమర్చేటప్పుడు కొన్ని మీటర్ల తేడా మిగిలిపోతుంది.

ముందు ‘యూ’ కీ నొక్కి, నేరుగా పైనుంచి కనిపించేలా చూపులోని వాలు తీసేశాను. లేయర్స్‌లో, నేల ఎత్తుపల్లాలు చూపే టెర్రైన్ టిక్కు ఎత్తేశాను. కొత్త బొమ్మలో బావి ఒరకు పిన్ను గుచ్చి, పాత తేదీలో ఆ ఒర ఎటు, ఎంత జరిగిందో రూలర్‌తో కొలిచాను. అసలు గీత జోలికి పోకుండా, కాపీ తీసి మూలలన్నీ అంతే జరిపి, పేరులో ఆ తేదీ రాశాను. సరిహద్దు తగాదాకు ఇది చెల్లదు, సర్వేయరు రావాల్సిందే. పిన్ను మాత్రం చెట్టు మీదో మేడ మీదో గుచ్చొద్దు: ఎత్తున్నవి కోణాన్ని బట్టి ఒరిగి కనిపిస్తాయి, కొలత తప్పుతుంది.